రంజిత్ అవ్వ చూసిన సినిమా

7 ఫిబ్రవరి 2025, శుక్రవారం

పాస్టర్ కుమారస్వామి గారు ఫోన్ చేశారు. రంజిత్ మీద తీసిన సినిమా ఈ రోజే రిలీజ్. చర్చి యూట్యూబ్ చానెల్‌లో రివ్యూ నేనే చెప్పాలట. ఏ సినిమా విశ్వాసులు చూడొచ్చో, ఏది చూడకూడదో చెప్పేది నేనే కదా. "వానికి మన చర్చిలనే బాప్తిస్మం ఇచ్చిన. అందరు మన దిక్కే చూస్తుండ్రు. జర గట్టిగ చెప్పు ఉమారాణీ" అన్నారు.

రంజిత్ మా శ్రీరాంపూర్ వాడే. సండే స్కూల్లో నా పక్కన కూర్చునేవాడు. గే అని బాహాటంగా చెప్పుకొని కౌన్సిలర్‌గా నిలబడ్డాడు, గెలిచాడు. ఇద్దరు మగవాళ్ళు కలిసి ఉంటే అద్దె ఇంట్లోంచి వెళ్ళగొట్టకూడదని కొట్లాడాడు. రెండేళ్ళ కింద చెన్నూరు మీటింగ్‌లో రాళ్ళతో కొట్టి చంపారు. మా సమాధుల తోటలో శవానికి చోటివ్వలేదు.

8 ఫిబ్రవరి

మంచిర్యాలలో మార్నింగ్ షో. బాగా తీశారు. నామినేషన్‌కు ముందు అతను మోకరించి ప్రార్థన చేసే చోట ఏడ్చాను.

స్క్రిప్ట్ రాసుకున్నాను. వల్గారిటీ లేదు. హీరో అబద్ధమాడడు, లంచం తినడు, పేదల కోసం నిలబడతాడు. అయినా పాపాన్ని హక్కు అంటున్నాడు, కాబట్టి ఒప్పుకోలేం. నేను నిజంగా నమ్మేది ఇదే. పాస్టర్ గారు మంచి మాటలన్నీ కొట్టేసి చివర ఒక వాక్యం చేర్చారు: "ఆ రాళ్ళు దేవుని తీర్పు." ఇది మరీ ఎక్కువేమో అన్నాను. మెత్తగా చెబితే ఎవరూ వినరన్నారు. మూడో టేక్‌లో బాగా వచ్చింది.

9 ఫిబ్రవరి, ఆదివారం

నలభై వేల వ్యూస్. చర్చిలో అందరూ మెచ్చుకున్నారు. సంతోషంగానే ఉంది.

12 ఫిబ్రవరి

రాజక్క వచ్చింది. రంజిత్ వాళ్ళ అవ్వ, కన్నతల్లి. కొడుకు సంగతి తెలిసినప్పుడు చర్చి మాట విని తలుపు మూసుకున్న మనిషి. మళ్ళీ అతని ముఖం చూడలేదు, శవాన్ని కూడా.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. సినిమాలో పిల్లగాడు తన కొడుకులాగే ఉన్నాడా అని అడిగింది. నడక అచ్చం అలాగే ఉందన్నాను.

"నన్ను తీస్కపో బిడ్డా. టికెట్ తీసుడు నాకు తెల్వది."

సినిమాలో అవ్వ తలుపు తీస్తుందని ముందే చెప్పాను. అయినా రేపు పోదామంది.

13 ఫిబ్రవరి

తీసుకెళ్ళకుండా ఉండాల్సింది.

మా వెనక వరుసలో చర్చి యూత్ కుర్రాళ్ళు. ఎగతాళి చేయడానికే వచ్చారు. చీకట్లో మమ్మల్ని గుర్తుపట్టలేదు. సినిమాలో అవ్వ తలుపు తీసి కొడుక్కి అన్నం పెట్టింది. రాజక్క నా చేయి గట్టిగా పట్టుకుంది. "పెడ్తుంది, సూడు" అంది, నేను చూడటం లేదన్నట్టు.

రాళ్ళ సీన్ వచ్చింది. వెనక నుంచి విజిల్స్. అందరూ కలిసి ఆడగొంతు పెట్టి అరిచారు: "ఆ రాళ్ళు దేవుని తీర్పు!" ఒకటే నవ్వులు. రాజక్క వెనక్కి తిరగలేదు. కొడుకు చచ్చిపోయేదాకా తెరవైపే చూసింది.

బస్సులో అడిగింది, "గది నువ్వు చెప్పిన మాటనే గదా?"

అవునన్నాను.

16 ఫిబ్రవరి, ఆదివారం

చర్చిలో ఎవరి అనుభవం వాళ్ళు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో రాజక్క లేచి మైక్ దగ్గరికి పోయింది.

"సినిమాల గా అవ్వ తలుపు తీసింది. నేను తియ్యలే. మీరు వద్దన్నరని తియ్యలే. నా కొడుకు పాపి అయితే దేవుడు అడుగుతడు. రాళ్ళేసింది మాత్రం మనుషులు. దేవుని మీద ఎందుకు పెడ్తుండ్రు?"

పాస్టర్ గారు సైగ చేశారు. మైక్ ఆగిపోయింది. కీబోర్డ్ మొదలైంది. పాట అయిపోయేదాకా ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. నేను క్వయిర్‌లో ఉన్నాను. పాడాను.

19 ఫిబ్రవరి

కమిటీ తీర్మానం. సంఘం ముందు క్షమాపణ అడిగేదాకా రాజక్కకు ప్రభు బల్లలో, యేసు గుర్తుగా అందరికీ పంచే రొట్టె ఇవ్వరు. చెప్పి రమ్మని నన్నే పంపారు. నేనైతే మెల్లగా చెబుతానట.

మెల్లగానే చెప్పాను. చాటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"క్షమాపణ ఎవల్ని అడగాలె?"

వచ్చేశాను.

2 మార్చి, ఆదివారం

ఈ రోజు ప్రభు బల్ల. రాజక్క లోపలికి రాలేదు, బయట మెట్ల మీద కూర్చుంది. నా రొట్టె ముక్క తినకుండా గుప్పిట్లో దాచుకొని ఆమె దగ్గరికి తెచ్చాను.

"వాళ్ళు ఇచ్చిండ్రా, నువ్వే తెచ్చినవా?" అంది.

నేనే తెచ్చానన్నాను.

"అయితే నువ్వే తిను."

తినలేకపోయాను. ఇంటికి తెచ్చి టేబుల్ మీద పెట్టాను. చీమలు పట్టాయి. దులపడం లేదు.