ఎంటర్ కొడితే 'వద్దు'

మురళీ,

తిరుమలగిరి రోడ్డు మీద లారీ నిన్ను తొక్కేసి నేటికి ఏడాది. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ ఒకేలా బటన్లూ పెట్టెలూ చూపించే మన కోడ్ లైబ్రరీని ఇప్పుడు కొత్తగా చేరిన శ్రీకాంత్ చూస్తున్నాడు. "తీసేయాలా?" అని అడిగే పెట్టెలో ఎంటర్ కొడితే 'వద్దు' పడేలా నువ్వు పెట్టావు కదా, ఈ రోజు వాడు దాన్ని 'సరే'కి మార్చాడు. "కోపంలో చెయ్యి ముందు ఎంటర్ మీదే పడుతుందిరా" అన్న నీ మాట చెబితే నవ్వాడు.

కాలర్ పట్టుకుని మొహాన్ని మానిటర్‌కేసి కొట్టాను. ముక్కు పగిలింది.

"ఏందన్నా, ఒక్క బటన్ కోసం గిట్ల కొడ్తవా?" అన్నాడు నెత్తురు తుడుచుకుంటూ.

వాడు రాసిందంతా తుడిచేద్దామని నా మెషీన్‌లో డిలీట్ నొక్కి, "తీసేయాలా?" పెట్టె రాగానే పిడికిలితో ఎంటర్ మీద గుద్దాను. కీబోర్డు విరిగింది. వాడి ఫైళ్ళన్నీ అలాగే ఉన్నాయి.

నా మెషీన్‌లో ఉన్నది ఇంకా నువ్వు రాసిన పెట్టే. వద్దన్నావు.