ఎర్ర దారం కట్టిన దుంపలు

జూన్ 9, 2024, ఆదివారం

ఎరువుల షాపువాడు ఇచ్చిన డైరీ ఆరు నెలలు ఖాళీగా పడుంది. ఇవాళ మొదలుపెడుతున్నాను.

ఇరవై సెంట్లలో ఆగాకర దుంపలు పాతాం. వేసవంతా అక్క మంచం కింద ఇసక కుండలో దాచినవి. ఆగాకరలో ఆడ తీగ వేరు, మొగ తీగ వేరు. మొగది కాయదు. అది లేకపోతే ఆడదీ కాయదు. దుంప చూసి ఏది ఏదో చెప్పడం ఎవడివల్లా కాదు. అందుకే అక్క నిరుడు మొగ దుంపలకి ఎర్ర దారం కట్టి పెట్టింది. ఆడవి డెబ్బై, మొగవి ఏడు.

తను గట్టు మీద కుర్చీ వేయించుకుని కూర్చుంది. డయాలసిస్ సూదుల కోసం ఫిస్టులా చేసిన ఎడం చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, కుడిచేత్తో చూపిస్తూ, పదికొకటి రా గోవిందూ, దారం ఇప్పి పక్క కర్రకి కట్టు, నేపోతే మర్సిపోతావు అని ఒకటే అరుపు. ఎండకి తలనొప్పి వచ్చింది, ఆవిడ అరుపుకి ఇంకా వచ్చింది.

రేపు డయాలసిస్. అలారం నాలుగున్నరకి.

జూలై 21, ఆదివారం

పూలొచ్చాయి. మొగ పువ్వు కోసి, రేకులు వెనక్కి విరిచి, ఆడ పువ్వు లోపల రాయాలి. తెల్లారి ఎనిమిదిలోపు అయిపోవాలి. లేకపోతే పువ్వు వాడి, పిందె పసుపెక్కి రాలిపోతుంది. ఈ పని నాకు నేర్పింది అక్కే. ఏటి రా ఆ సుతారం, పెళ్ళికూతురికి బొట్టెడతన్నావేటి, గట్టిగా రాయి అంది. చాలా రోజులకి నవ్వింది.

పక్కింటి నారాయణమ్మ పిన్ని వచ్చింది. ఎస్.కోట సంతలో ఆకులూ దుంపలూ అమ్ముతుంది. కాయని తీగ దుంప నూరి మజ్జిగలో తాగితే కిడ్నీలు బాగుపడతాయట. ఈ సూదులూ మిసన్లూ ఒగ్గీ పద్మా అంది. ఆవిడ అటు వెళ్ళగానే అక్క, అంత పవరుంటే ముందు తన మోకాళ్ళు బాగుసేసుకోదేటి అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆగస్టు 14, బుధవారం

సోమ, బుధ, శుక్ర. ఐదింటికి బండి మీద అక్కని ఎక్కించుకుని విజయనగరం. ఆరింటి షిఫ్టు. ఇల్లు చేరేసరికి ఒంటిగంట. ఇవాళా పూలన్నీ వాడిపోయి ఉన్నాయి.

నోరు జారాను. వారంలో మూడు రోజులు పంట మట్టిపాలు అని పెరట్లో గట్టిగా అనేశాను. ఎవరితో అన్నాను? ఎవరూ లేరు. కిటికీ పక్కన అక్క మంచం ఉంది.

ఆగస్టు 15

నీళ్ళు కొలిచి తాగాలి కదా, దాహానికి రోజూ అడిగే ఐస్ ముక్క కూడా అక్క అడగలేదు.

సెప్టెంబర్ 29, ఆదివారం

పిన్ని చెప్పిన మందుకి మొగ దుంపలు కావాలంది అక్క. నువ్వే కదా నవ్వావు అన్నాను. అప్పుడు ఓపికుంది, నవ్వాను, ఇప్పుడు నేదురా అంది. డాక్టరు పసర్లు తాగొద్దన్నాడు, పొటాషియం పెరుగుతుందన్నాడు అని చెప్పాను. వినలేదు. సీజన్ ఎలాగూ అయిపోతన్నాది, ఇంక మొగ తీగలెందుకు, నూరడం నేనే సేసుకుంటాను, నీకు పాళ్ళు తెల్వవు అంది.

బావకి ఫోన్ చేశాను. సాలూరు లారీ మీద రాయపూర్ దారిలో ఉన్నాడు. అడిగింది ఇచ్చీ రా, ఏదో ఒకటి నమ్మనీ అన్నాడు తిరుమలరావు బావ. పెద్దమనిషి. నెలకి రెండు రోజులు కనిపిస్తాడు.

నిజం రాయాలి. సోమ, బుధ, శుక్ర లేని వారం ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. బాగుంది. సిగ్గేసింది. అయినా బాగుంది.

అక్టోబర్ 6

రెండు తవ్వి ఇచ్చాను. రోలు కడిగిన చప్పుడు. గ్లాసు మజ్జిగ తాగింది.

అక్టోబర్ 13, ఆదివారం

ఏడోది కూడా ఇచ్చేశాను. తోటలో మొగ తీగ లేదు. ఆడ పూలు ఊరికే పూసి రాలుతున్నాయి.

అక్టోబర్ 14, సోమవారం

అమ్మవారి పండగ. ఇవాళ తోలేళ్ళు, రేపు సిరిమాను. విజయనగరం అంతా జనం. ఈ ఒక్క రోజు డయాలసిస్ మానేద్దాం రా అంది అక్క. మందు పనిసేస్తన్నాది, ఒళ్ళు తేలికగా ఉన్నాది అంది. పొద్దున్నే తోటకి వెళ్ళాను. రాయడానికి మొగ పువ్వు లేదు. ఊరికే తిరిగొచ్చాను.

అక్టోబర్ 16, బుధవారం

డయాలసిస్ సెంటర్ నుంచి ఫోన్. సాలూరు వెళ్ళాం, అక్కడ చేయిస్తున్నాం అన్నాను. అబద్ధం ఎంత ఈజీగా వచ్చిందో.

అక్టోబర్ 19, శనివారం

నిన్నా వెళ్ళలేదు. మొహం ఉబ్బింది. కాళ్ళు నొక్కితే గుంట పడుతోంది. బండెక్కు అన్నాను. మంచం పట్టె పట్టుకుని కదల్లేదు. మందు నీరు లాగేటప్పుడు ముందు ఇలాగే పొంగుతాదట, పిన్ని సెప్పింది, సోమారం దాకా సూడు అంది. పిన్నిని అడిగితే నానెప్పుడన్నానురా ఆ మాట అంది.

అప్పుడే 108కి ఫోన్ చెయ్యాల్సింది. సోమవారం దాకా చూద్దాం అనుకున్నాను. అనుకున్నది నేనే.

అక్టోబర్ 21, సోమవారం

పొద్దున్న ఊపిరి అందలేదు. 108 వచ్చింది. గంట్యాడ దాటకుండానే అయిపోయింది.

అక్టోబర్ 24

నా చేతులతో తవ్వి ఇచ్చాను.

నవంబర్ 1, శుక్రవారం

పన్నెండో రోజు. భోజనాలయ్యాక అక్క మంచం ఎత్తి బయట పెట్టాను. కింద ఇసక కుండ ఉంది. ఉత్త ఇసకే అనుకుని కుండ బోర్లించాను.

ఏడూ ఉన్నాయి. ఒక్కదానికి కూడా కత్తి గాటు లేదు. మెడకి ఎర్ర దారం, ముడి మీద ముడి. ఎడం చెయ్యి సరిగా ఆడదు కదా, పళ్ళతో బిగించినట్టుంది. వచ్చే ఏడు నేను లెక్క తప్పకూడదని.

తాగింది వట్టి మజ్జిగ. కడిగింది వట్టి రోలు.

డయాలసిస్ మానేస్తాను అంటే తాడేసి బండికి కట్టయినా తీసుకెళ్ళేవాణ్ణి. అది అక్కకి తెలుసు. అందుకే నాకొక మందు చూపించింది. ఆ మందు నేను ఆవిడకంటే ఎక్కువ నమ్మాను. ఎందుకు నమ్మానో కూడా ఆవిడకి తెలుసు. ఆ బుధవారం కిటికీ తీసే ఉంది.

అక్కా, ఒక్క తిట్టు తిట్టాల్సింది.

బావకి చెప్పలేదు. దుంపల మీద ఇసక కప్పేశాను.

జూన్ 16, 2025, సోమవారం

నాలుగున్నరకే లేచాను. బండి తుడిచి, అక్క కూర్చునే చోట తువ్వాలు మడతపెట్టి వేశాను. అప్పుడు గుర్తొచ్చింది.

ఏడు దుంపలకీ మొలకలొచ్చాయి. దారాలు విప్పలేకపోయాను. అలాగే పాతేశాను.