ముందుమాట అనుకున్న పేజీ

శ్రీమతి గారికి,

ఇక్కడ నేనూ పాపా కులాసా. నీ ఉత్తరంలో అడిగావు కదా, పాప దగ్గు తగ్గింది. కుళాయి బాగు చేయించాను. నువ్వు చెప్పినట్టే పాత కంప్యూటర్‌లో ఉన్నదంతా చెరిపేసి, విండోస్ బదులు లినక్స్ కూడా ఎక్కించాను. ఆ వైభోగం ఏమిటో చెబుతాను, విను.

శిక్షణకు వెళ్తూ, అదెలా ఎక్కించాలో, ఏ కమాండ్ కొట్టాలో నువ్వు రాసిచ్చిన నోటుబుక్కు ముందు పెట్టుకునే కూర్చున్నాను. నెట్ వస్తోందో లేదో చూద్దామని పింగ్ అని కొట్టాను. అలాంటి కమాండ్ లేదంది. ఇఫ్‌కాన్ఫిగ్ కొట్టాను, లేదంది. నువ్వు రాసిన మిగతా కమాండ్లు కర్ల్ లేదు, నానో లేదు. పోనీ సాయం అడుగుదామని మ్యాన్ కొడితే అదీ లేదు! లేనివి తెచ్చుకోవాలంటే నెట్ కావాలట, నెట్ తగిలించాలంటే ఆ లేనివే కావాలట. రెండు రోజులు నా ప్రాణం తోడేసింది. పుస్తకాలు బైండింగ్ చేసుకునేవాడికి ఈ గొడవెందుకని నన్ను నేనే తిట్టుకున్నాను. నిన్నూ నాలుగు తిట్టాను, ఏమనుకోకు.

చివరికి రిపేరు షాపతన్ని బతిమాలి తీసుకొచ్చాను.

"ఎక్కించేటప్పుడు మామూలు టూల్స్ అనే గడిలో టిక్కు తీసేశావా అన్నా?"

"అనవసరమైన బరువెందుకని తీసేశాను."

"గరిటెలన్నీ పారేసి వంట మొదలెట్టావన్నమాట!" అని, పెన్‌డ్రైవ్ నుంచి పది నిమిషాల్లో అన్నీ ఎక్కించాడు.

ఆ టిక్కు సంగతి నువ్వు రాయనేలేదని నిరూపిద్దామని నోటుబుక్కు మొదటి పేజీ తీశాను. ఇన్నేళ్ళుగా ముందుమాటలు కుట్టడమే తప్ప చదివిన పాపాన పోలేదు కదా, అదీ అలాంటిదే అనుకుని ఎక్కించే రోజు చదవకుండా తిప్పేశాను. ఫోన్లో చెప్పే ధైర్యం లేక ఇలా రాస్తున్నాను. అందులో ఉన్నవి రెండే మాటలు. "ఆ గడిలో టిక్కు తీయకు. అంతకంటే ముందు, పాప కోసం నేను చదివి రికార్డు చేసిన ఏడు కథలూ పెన్‌డ్రైవ్‌లోకి తీసిపెట్టు."

తీయలేదు. పోయాయి. షాపతను ఎంత వెతికినా ఇక రావన్నాడు. నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది.

పాపకు చెప్పేశాను. ఏడ్చింది. కాసేపటికి "నాకు వచ్చులే నాన్నా, నేను చెప్తా, నువ్వు రాసుకో" అంది. ఆరు కథలు చెప్పింది, నువ్వు దగ్గిన చోట దగ్గి మరీ. ఏడోది మాత్రం సగంలో ఆగిపోయింది. "అక్కడ అమ్మ నవ్వేస్తుంది, తర్వాత గుర్తులేదు" అంటోంది.

ఆ మిగతా సగం రాసి పంపు. ఆరింటినీ కుట్టి, దానికోసం కాగితాలు ఖాళీగా ఉంచాను. మొదటి పేజీ కూడా ఖాళీయే. అందులో నన్ను నీ ఇష్టం వచ్చినట్టు తిట్టు, అక్షరం వదలకుండా చదువుతాను.

ఇట్లు,
చదవకుండా పేజీ తిప్పిన
మీ ఆయన