వంద గింజల లెక్క

చిలమత్తూరు,
నవంబరు 18, 2020.

తమ్ముడు ఐజాక్‌కు,

ప్రభువు పేరిట అక్క దీవెనలు. ఇక్కడ అమ్మా, నేనూ, మీ బావా కులాసాగానే ఉన్నాం. హోసూరులో నీ దగ్గు తగ్గిందని తెలిసి అమ్మ రెండు ముద్దలు ఎక్కువే తిన్నది. శనక్కాయ పీకాం. వానలు ఎక్కువై సగం కాయ నేలలోనే మొలిచింది. మన రాత, వాన రాకపోయినా ఏడుపే, వచ్చినా ఏడుపే.

"అక్కా, మనూర్లో ఈ కరోనా జబ్బొస్తే నలుగురికి ఒకరు పోతాండారంట, నిజమేనా? నా రూములోనోళ్ళు భయపడి చస్తాండారు" అని అడిగావు. ఆ మాట పుట్టించిన పుణ్యాత్మురాలిని నేనే. ఆశా కార్యకర్తగా ఊరి పట్టిక రాసేది నేనే కదా. పన్నెండు మందికి జబ్బు, ముగ్గురు పోయారని పాలకేంద్రం దగ్గర చెప్పాను. బయ్యన్న అక్కడికక్కడే లెక్క కట్టాడు. "ఏమప్పా, నలుగురికి ఒకడు గోవిందా!" అప్పట్నుంచి జ్వరమొస్తే ఎవరూ నోరు విప్పలేదు.

పోయిన నెల డాక్టరమ్మ ఆసియా వచ్చి, ఊరందరి పేర్ల చీటీలు వేసి, చేతికి వచ్చిన అరవై మందిని పిలిచి రక్తం తీసింది. ఇరవై మందికి జబ్బు ఎప్పుడో వచ్చి పోయిందట. సగం మందికి తెలియనే తెలియదు! ఆ లెక్కన ఏడువందల ఇరవై మంది ఉన్న ఊళ్ళో రెండువందల నలభై మందికి వచ్చినట్టే. "ఊపిరాడనోళ్ళే కదా పరీక్షకొచ్చింది కృపా. ఆ పన్నెండు మందిని పట్టుకోని లెక్క కడితే ఎట్ల?" అన్నది.

నాకు నాయన గుర్తొచ్చాడు. విత్తే ముందు వంద గింజలు తడి గోనెపట్టలో చుట్టి, ఎన్ని మొలిచాయో ఎంచేవాడు కదా. చిన్నప్పుడు నేను పుచ్చులు ఏరి ఇస్తే తిట్టాడు. "పుచ్చులే ఏరితే మూటంతా పుచ్చంటావు. పుచ్చుల్ని దాచితే రేపు చేనే చెప్తాది. కండ్లు మూసుకోని తియ్యి పాపా."

కాబట్టి నీ రూములో వాళ్ళకు చెప్పు, జబ్బొచ్చినవాళ్ళలో పోయేది వందకు ఒకరో ఇద్దరో. ముసలివాళ్ళకే ముప్పు ఎక్కువ. అయినా మూతికి గుడ్డ తీయొద్దను.

ఇక అసలు మాట. ఫోనులో చెప్పబోయి, శనక్కాయ ధర చెప్పి పెట్టేశాను. "నాయన గుండెను బెంగళూరులో చూపించింటే బతికేటోడు, నేనే చంపుకుంటి" అని ప్రతి జాబులోనూ రాస్తున్నావు. నేను చదివి మడిచిపెడుతున్నాను. నాయనది గుండెపోటు కాదు తమ్ముడూ. నాలుగు రోజులు జ్వరం, దగ్గు, చివరికి ఆయాసం. పరీక్షకు రమ్మని కాళ్ళు పట్టుకున్నాను. "ఆడికి పోతే ఆ నలుగురిలో ఒకణ్ణి నేనే అయితా. ఈడే ఉంటా" అన్నాడు. నా నోటి లెక్కే ఆయన్ను ఇంట్లో కట్టేసింది.

పోయాక పట్టికలో గుండెపోటని రాశాను, నీకూ అదే చెప్పాను. అమ్మ నోరూ నేనే మూయించాను. జబ్బని రాస్తే సంచిలో చుట్టుకుపోతారు, చర్చి గంట మోగదు. రాష్ట్రం దాటే పాసు దొరక్క నువ్వా రాలేవు. కనీసం నలుగురు మోయాలనుకున్నాను. మోసిన నాగన్న పది రోజులు జ్వరంతో పడ్డాడు. బతికాడు, అందులో నా గొప్పేమీ లేదు.

నిన్న డాక్టరమ్మకు అంతా చెప్పేశాను. ఉద్యోగం పోతే పోనీ. ఆమె తిట్టలేదు. పట్టిక నా ముందుకు జరిపి "నువ్వే రాయి" అన్నది. పోయినవాళ్ళ గడిలో మూడు కొట్టేసి నాలుగు వేశాను. కింద నాయన పేరు రాశాను.

మొలవని గింజనైనా నాయన లెక్కలో నుంచి తీసేవాడు కాదు. నేను ఆయన్నే తీసేశాను. నువ్వు చంపుకోలేదురా. తిట్టాలంటే నన్ను తిట్టు, ఆ మాట మాత్రం ఇంకే జాబులోనూ రాయొద్దు.

ఇట్లు,
నీ కోపానికి కాచుకుని ఉన్న అక్క,
కృపాకుమారి