మా అమ్మకు ఫోన్ చెయ్యకండి

జులై 4, ప్రాగ్

హాస్టల్ గదిలో ఎనిమిది మంచాలు. పైమంచం ఎక్కబోతే యోరిన్ నా బ్యాగు లాగి కింద పెట్టింది. "హిల్కే, నువ్వు కిందే పడుకో" అంది. గదిలో ఉన్న కొత్తవాళ్ళెవరూ కారణం అడగలేదు. అయినా చెప్పింది, నాకు ఫిట్స్ వస్తాయని.

చివరిసారి వచ్చి పద్నాలుగు నెలలైంది. ఆ మాట మాత్రం చెప్పలేదు.

యోరిన్ చిన్నప్పటి నుంచి నా స్నేహితురాలు. నర్సింగ్ రెండో ఏడు. మాతో వచ్చిన మూడోవాడు వీబే, మా వీధి బేకరీవాళ్ళ అబ్బాయి, మాట్లాడితే అరిగిపోతానన్నట్టు ఉంటాడు. మా ఊరు గ్రోనింగెన్‌లో రైలెక్కేటప్పుడు అమ్మ నా మాత్రల పట్టీ యోరిన్ చేతిలో పెట్టింది. నాకు ఇరవై ఏళ్ళు.

జులై 6

"మాత్ర వేసుకున్నావా?" ఇవాళ యోరిన్ ఐదుసార్లు అడిగింది. ఒకసారి వంతెన మీద, ఒక పోర్చుగీసు అబ్బాయి నన్ను నవ్విస్తుండగా.

జులై 8, వియన్నా

వచ్చింది. రైలు దిగి ప్లాట్‌ఫారం మీద నడుస్తున్నాను. తర్వాత పైకప్పు కనిపించింది, చుట్టూ బూట్లు, తల కింద వీబే చొక్కా. నాలుక కొరుక్కున్నాను. ప్యాంటు తడిసింది. ఒక్క మాత్ర కూడా మానలేదు, ఇది రాసిపెడుతున్నాను.

ఆస్పత్రిలో డాక్టరమ్మ నన్నే చూస్తూ మాట్లాడింది. రెండు రోజులు బాగా నిద్రపో, తర్వాత ప్రయాణం చెయ్యొచ్చు అంది. బయటికొచ్చేసరికి యోరిన్ అమ్మకు ఫోన్ చేసేసింది. ఎల్లుండికి నాకు ఇంటి టికెట్ కూడా తీసేసింది.

జులై 9

నేను వెళ్ళనన్నాను.

యోరిన్ బట్టలు మడతపెడుతూ, "మళ్ళీ పడిపోతే చూసేది నేనే కదే" అంది.

"చూడొద్దు. నిన్ను కాపలాకు పిలుచుకొచ్చానా?"

"ఏమైనా అయితే మీ అమ్మకు నేనేం చెప్పుకోను?"

"నా ఒళ్ళు, నా ఫిట్స్. నన్నడక్కుండా టికెట్ ఎలా తీశావ్?"

వీబే రొట్టె కోస్తున్నాడు. నువ్వైనా చెప్పరా అని యోరిన్ వాడి మీద పడింది. తనను అడగాల్సింది, అన్నాడు వాడు. రోజంతటికీ ఆ ఒక్క ముక్కే.

సాయంత్రం అమ్మ ఫోన్లో ఏడ్చింది. నేను ఏడవలేదు. రానమ్మా అని మూడుసార్లు చెప్పాను.

జులై 11, ఉదయం 8 గంటల రైల్లో

ముగ్గురం కలిసి వెళ్దామనుకున్న దారే, లుబ్లియానాకు. ఒక్కదాన్నే. దొంగతనంగా రాలేదు, మొహం మీదే చెప్పి, నాలుగు రోజుల మాత్రలు తీసుకుని వచ్చాను. ఎక్కితే ఇక నాతో మాట్లాడకు అంది యోరిన్. ఎక్కాను.

అట్టముక్క మీద జర్మన్‌లో, స్లొవీన్‌లో, ఇటాలియన్‌లో రాసి మెడలో వేసుకున్నాను: "నాకు ఫిట్స్ వస్తాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి. ఐదు నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవండి. మా అమ్మకు ఫోన్ చెయ్యకండి."

ఎదురు సీటు ముసలావిడ కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివింది. చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టింది. "ఐదు నిమిషాలేగా, నేను చూసుకుంటాలే. గుడ్డు తింటావా తల్లీ?"

తిన్నాను. ఆరు గంటల ప్రయాణంలో మళ్ళీ ఆ మాటే ఎత్తలేదు. కోడలి మీద చాడీలు మాత్రం చాలా చెప్పింది.

జులై 12, లుబ్లియానా

వీబే ఫోన్. యోరిన్ రెండు రాత్రులుగా నిద్రపోవడం లేదట. ఊరికి వెళ్ళడం లేదట, నా దగ్గరికీ రావడం లేదట.

నది పక్కన కూర్చుని చాలాసేపు ఆలోచించాను. నాకు మొదటిసారి ఫిట్స్ వచ్చినప్పుడు పదహారేళ్ళు. ఇద్దరం సైకిళ్ళ మీద కాలువ గట్టున వెళ్తున్నాం. సైకిల్‌తో సహా నేను నీళ్ళలో పడ్డాను. యోరిన్ ఒక్కతే లాగింది. నాకేమీ గుర్తులేదు, అందుకే ఆ రోజు జరిగింది నాకొక్కదానికే అనుకుంటూ వచ్చాను.

ఫోన్ చేసి, ఆ రోజు నీకేమైందే అని అడిగాను.

ముందు తలుపు వేసుకున్న చప్పుడు వినిపించింది. తర్వాత చెప్పింది. గడ్డి పట్టుకుంటే జారిపోయిందని, నా జుట్టు పట్టి లాగిందని, నేను చచ్చిపోయాననే అనుకుందని. "నీకు గుర్తులేదు, అదృష్టవంతురాలివి. నాకు రోజూ గుర్తే."

క్షమించమన్నాను. ఇంటికి మాత్రం వెళ్ళనన్నాను. రెండూ నిజమే.

జులై 14, త్రియెస్తె

నేనిక్కడున్నానని చెబితే యోరిన్, వీబే ఇద్దరూ వచ్చి స్టేషన్లో దిగారు. యోరిన్ కౌగిలించుకోలేదు. మిగిలిన మాత్రల పట్టీ నా జేబులో కుక్కింది. "ఇంక నేనడగను. చచ్చినా అడగను" అంది. ముక్కు ఎర్రగా ఉంది.

జులై 16

నిన్న మళ్ళీ వచ్చింది. ఓడరేవు గట్టు మీద. రెండు నిమిషాలేనట, యోరిన్ గడియారం చూసింది. ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. నేనే తేరుకుని మా డాక్టరుకు చేశాను, మోతాదు మార్చాడు.

నాలుక మండుతోంది. కళ్ళు తెరవగానే వినిపించిన మాట రాసుకోవాలి. యోరిన్ గడియారం ఇంకా చేతిలోనే పట్టుకుని అడిగింది.

"తర్వాత ఏ ఊరే?"