చెయ్యి పెట్టనియ్యని తల

మంగళవారం, రాత్రి. ఎల్బీనగర్.

దిగులు జబ్బుకని దిల్‌సుఖ్‌నగర్ దవాఖానలో ఈరోజు కూడా తలకు అయస్కాంతం మిషను పెట్టించుకున్న. వడ్రంగిపిట్ట పొడిచినట్టు టకటక. కొట్టినప్పుడల్లా కనుబొమ్మ అదిరింది, పళ్లు కదిలినయి. బైబిలు వాక్యం చెప్పుకోబోతే, "సార్, జర దవడ కదపకుండ్రి" అన్నది నర్సమ్మ. నోరు మూసుకున్న. లోపల వెతికితే ఒక్క వాక్యం దొరకలేదు. అదీ నా భయం.

సాయంత్రం నా భార్య సుజాత ఎప్పటిలాగే ప్రార్థన చేద్దామని నా తల మీద చెయ్యి పెట్టింది. సరిగ్గా నొప్పి ఉన్న చోటనే.

"తియ్యి" అని కసిరిన.

"ఏందయ్యా, గా నొప్పి కొన్ని రోజుల్ల తగ్గుతదని డాక్టరు చెప్పిండు గదా."

"నొప్పి తగ్గుతదన్నడు. దిగులు పోతదని గట్టిగ అనలే."

ఎందరి తలల మీద చేతులుంచి దయ్యాలను గద్దించిన నేను. ఆదివారం మందిరంలో నిలబడి ఏం బోధించాలె? ప్రభువా, నీ మీద కోపం కూడా వస్తలేదు.

ఆమె కాసేపటికి మళ్లా వచ్చింది. తల ముట్టకుండ, జానెడు ఎత్తులో చెయ్యి ఆపి, ఆ చెయ్యి వణికేదాక ప్రార్థన చేసింది.

నేను ఆమేన్ అనలేకపోయిన.