కొలత పీట చెల్లెలికి

బూట్లు కుట్టే కుటుంబంలో మూడో తరం వారసుడిని, బి.కాం. రెండో శ్రేణిలో ఉత్తీర్ణుడిని, ఇరవై ఆరేళ్ళవాడిని అయిన నేను, ఆసుపత్రి రెండో అంతస్తులో కిటికీ పక్క మంచం మీద వెల్లకిలా పడుకొని, మతి స్థిమితంగా ఉండగా, ఎవరి ప్రోద్బలమూ లేకుండా రాసుకున్న వీలునామా ఇది. మతి సంగతిలో అనుమానమున్నవారు నర్సు గారిని అడగవచ్చు. ఆవిడ జ్వరం చూశారు, రక్తపోటు చూశారు. మతి చూసే పరికరం ఈ వార్డులో లేదట.

రేపు ఉదయం పది గంటలకు నా అపెండిక్స్ తీస్తారు. నలభై నిమిషాల పనేనని డాక్టరు గారన్నారు. అయినా మత్తిస్తారు గనుక ఆ నలభై నిమిషాలూ నేను లేనట్టే. కావున ఈ వీలునామా నేను పోయాక కాక, మత్తెక్కిన క్షణం నుంచే అమలవుతుంది. తర్వాత నేను లేచి కూర్చుని కాఫీ అడిగినా రద్దు కాదు.

1. నా నుంచి తీసిన అపెండిక్స్ సీసాతో సహా బాబాయికి చెందుతుంది. "ఈ ఇంట్లో ఏ పనీ చేయకుండా తిని కూర్చునే భాగమంటే వీడేరా" అని ఆయన పదేళ్ళుగా కౌంటరు దగ్గర చాటుతున్నారు. అసలు దోషి దొరికింది గనుక ఇకనైనా నన్ను వదిలేయాలి.

2. నా నీలం చొక్కా అమ్మకు. దాంతో నేల తుడవాలని ఆవిడ ఏడాదిగా కాచుకొని ఉంది. సర్వహక్కులతో అనుభవించవచ్చు.

3. అసలు ఆస్తి. మా కొట్టులో టేపు ఉండదు. వచ్చినవారి పాదం ఒళ్ళో పెట్టుకొని, కళ్ళు మూసుకొని, బొటనవేలితో తడిమి కొలత తీస్తాం. దాన్నిబట్టి కర్ర అచ్చు చెక్కి, ఆ అచ్చు మీద బూటు కుడతాం. కొలత తీసే పీట మీద ఎవరు కూర్చుంటే కొట్టు వారిది. తాతయ్య నుంచి నాన్నకు వచ్చింది, నాన్న నుంచి నాకు రాబోతోంది. కారణం నేను మగపిల్లాణ్ణి కావడం. రెండో కారణం కోసం నేనూ చాలా వెతికాను.

నా అర్హతలు ఇవి. నా చేయి తగిలితే జనానికి గిలిగింతలు. బ్యాంకు మేనేజరు గారు కుర్చీలోంచి జారేదాకా నవ్వి, చివరికి వేరే కొట్టులో కొనుక్కున్నారు. నేను మొదట కుట్టిన జత మాత్రం అందంగా వచ్చింది. రెండూ ఎడమ కాలివే. నాన్న వాటిని వెలుతురులో తిప్పి చూసి, "కుట్టు బాగుందిరా, ఇద్దరికి అమ్ముదాం" అన్నారు.

4. ఇక్కడ నవ్వు ఆపుతున్నాను. వారసుడు కాబోయేవాడు ఎవరి సాయమూ లేకుండా ఒక జత కుట్టి నాన్న ముందు పెట్టాలి. పోయిన నెల పోస్టుమ్యాన్ కోసం కుట్టానని నేను పెట్టిన జత, నాన్న లోపల వేళ్ళు పెట్టి తడిమి నా భుజం తట్టిన జత, నేను కుట్టింది కాదు. మేమంతా పిడుగని పిలిచే మా చెల్లెలు కుట్టింది. ఉత్తరాలిచ్చి వెళ్ళిపోతున్నాయన్ని మెట్ల మీదే కూర్చోబెట్టి కొలత తీసింది. "ఈ మడమ నొప్పి పెడుతుంది కదా అన్నా" అంటే, "నీకెట్లా తెలుసమ్మా, మా ఆవిడక్కూడా చెప్పలేదే" అన్నాడాయన. నాన్నా, మీరు తట్టాల్సిన భుజం అది కాదు. నెల రోజులుగా ఆ వైపు తిరిగి పడుకోలేకపోతున్నాను.

5. కాబట్టి కొలత పీటను, అచ్చుల గూడును, తోలు గుచ్చే ఆరెను, తాతయ్య కత్తిని చెల్లెలికి రాసిస్తున్నాను. ఇవి ఇంకా నావి కావని బాబాయి అంటారు. నావి కాబోతున్నవాటినే ఇస్తున్నాను.

నాన్న అభ్యంతరం నాకు తెలుసు. "పరాయివాళ్ళ పాదం ఆడపిల్ల ఒళ్ళో పెట్టుకుంటుందా" అన్నారు ఒకసారి. "గుండె మీద చెయ్యేసే డాక్టరమ్మకి లేని తప్పు మడమ పట్టుకునే నాకెందుకు నాన్నా" అంది పిడుగు. నాన్న చేతిలోని బూటుకు అవసరం లేని చోట నాలుగు మేకులు కొట్టారు.

6. నాకు నేను కౌంటరు రాసుకుంటున్నాను. మాటలు చెప్పడం, చిల్లర లేదనడం, రేపు రమ్మనడం నాకు పుట్టుకతో వచ్చాయి.

7. దీన్ని అమలు చేసే బాధ్యత నాన్నది. ఈ సాయంత్రం ఇంటికి తీసుకెళ్ళి, కళ్ళజోడు పెట్టుకొని చదివి, రేపు పదిలోగా సంతకంతో తేవాలి. లేకుంటే నేను ఆపరేషను బల్ల ఎక్కను. నొప్పి నాది, మొండితనం మీ దగ్గర నేర్చుకున్నది.

మార్చి పదకొండు, ఆదివారం మధ్యాహ్నం
(సంతకం) మీ అబ్బాయి

మొదటి సాక్షి: వార్డు నర్సు. సంతకం నా ఎదుటే చేశాడు. నవ్వవద్దని చెప్పినా నవ్వి కడుపు పట్టుకున్నాడు.

రెండో సాక్షి: నాన్న. చదివాకే సంతకం చేశాను. బల్ల ఎక్కు. ఈ పొద్దున పీట మీద పిడుగుని కూర్చోబెట్టి మొదటి కొలత నా పాదాలకే తీయించుకున్నాను. కుడిది పావు అంగుళం పొడుగట. ఇన్నేళ్ళూ బూటుదే తప్పనుకున్నాను.